చీర పడే జాగా

పోయిన ఏడాది నేను ఉద్యోగం నుంచి తప్పుకున్న రోజున, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఆఫీసు గోడమీద ఒక పాత కదిలే బొమ్మ వేసి చూపించారు. మడత పెట్టిన చీర ఒకటి తెర పైఅంచు నుంచి పరుచుకుంటూ కిందికి వస్తుంది. కొంగు నేలకు తగిలి, రెండు వేళ్ల ఎత్తు లేచి, మళ్లీ ఒదిగి పడుకుంటుంది. అంతే. అంతా కలిపి ఒకటిన్నర సెకను. "సార్ తొంభై ఎనిమిదిలో నల్గొండలో కూర్చుని చేసిన పని ఇది. చీర కదలికకు సొంతంగా లెక్క కట్టుకున్నారు" అని ఒకమ్మాయి చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి శాలువా కప్పించుకున్నాను.

ఆ లెక్క నాది కాదు. ఈ ముక్క ఆ రోజు అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. అంతకు ముందు చెప్పాల్సిన రోజులు కూడా చాలా ఉన్నాయి, వాటిలో ఒక రోజు మిగతా అన్నింటికంటే ముఖ్యమైంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లు చదువుతారని రాస్తున్నాను. దీంట్లో మీరు నేర్చుకోదగిన గొప్ప ఏమీ లేదు.

తెరమీద ఒక వస్తువు ఇక్కడి నుంచి అక్కడికి కదలాలంటే, ఎక్కడ మెల్లగా బయల్దేరాలి, ఎక్కడ వేగం అందుకోవాలి, ఎక్కడ నెమ్మదించి ఆగాలి అన్నది ఒకటి ఉంటుంది. మీరు ఈజింగ్ అంటారు. మీకు తయారుగా దొరుకుతుంది, నాలుగు అంకెలు మార్చుకుంటే సరిపోతుంది. మాకు అప్పుడు ఏదీ తయారుగా లేదు. నల్గొండలో ఒక ఇరుకు సందులో, కింద జిరాక్స్ షాపు, పైన మా కంప్యూటర్ సెంటరు. అంతకు ముందు అది టైపు ఇన్‌స్టిట్యూటు. యజమాని టైపు మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టాడు, నాలుగూ అప్పటికే వేరే ఎవరో వాడి వదిలేసినవి. నేను డిగ్రీ, దానిమీద ఒక డిప్లొమా చదివి అక్కడ పాఠాలు చెప్పేవాణ్ని. ఇంటర్నెట్ లేదు. వెబ్ పేజీలు ఎలా చేయాలో ఒక లావు పుస్తకం ఉండేది, అది నాకు మాత్రమే ఇచ్చేవాడు యజమాని.

ఆ సెంటరుకు సాయంత్రం బ్యాచ్‌లో ఒకాయన వచ్చేవాడు. ముస్లిం, ముప్పై దాటిన మనిషి, బజారులో పెద్ద బట్టల దుకాణంలో పదేళ్లకు పైగా చీరలు చూపించే పని. తెల్లటి పరుపు మీద కూర్చుని, వచ్చిన ఆడవాళ్ల ముందు ఒక్కో చీర విసిరి పరిచేవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు, వయసులో నాకంటే పెద్దవాడైనా. ఆరు నెలల్లో మా అందరికంటే బాగా నేర్చుకున్నాడు. ఒకరోజు ఆ దుకాణం సేఠ్‌తో మాటామాటా వచ్చింది. "డబ్బాలల్ల చీరెలు పరుస్తవా ఇగ?" అన్నాడట సేఠ్. ఈయన పరుపు దిగి వచ్చేశాడు. మా యజమాని ఆయన్ని తీసుకున్నాడు కానీ, చూద్దామనే షరతు మీద. "ఒక పని చేసి చూపియ్యి. అయితే నిన్ను ఇన్‌స్ట్రక్టర్ చేస్త. లేకుంటె నీ దారి నీది" అన్నాడు. వెనక్కి వెళ్లడానికి ఆయనకు దారి లేదు, సేఠ్ గుమ్మం తొక్కనివ్వడు. అది అందరికీ తెలుసు.

ఆ పనే ఈ చీర. చిట్యాల దిక్కున ఒక నేత సంఘం ఉండేది. హైదరాబాదు నుంచి ఒక ఎగుమతి వ్యాపారి వాళ్ల చీరలను బయటి దేశాల వాళ్లకు వెబ్‌లో చూపిద్దామని వచ్చాడు. పని మా సెంటరుకు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఐదు చీరల ఫోటోలు ఇచ్చారు. ఒక్కోటీ పరుచుకోవాలి, కాసేపు ఉండాలి, మడతలోకి వెళ్లిపోవాలి, ఇంకోటి రావాలి.

మొదట నేను రాశాను. పుస్తకంలో చదివినట్టు కాలం వర్గాన్నిబట్టి దూరం పెంచే సూత్రం వేసి, పైనుంచి కిందికి వేగం పెరిగేలా చేశాను. భాయ్ చూసి, గడ్డం గోక్కుని, "సార్, ఒక మాటంటె ఏమనుకోరు గద?" అన్నాడు.

"చెప్పండి."

"గిది చీరె పరిచినట్టు లేదు. దుకాణం షట్టర్ గుంజినట్టున్నది."

నాకు కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. నవ్వునే బయటపెట్టాను. అది నిజంగా షట్టరే. "మరి చీర ఎట్లా పడుతుందో మీరే చెప్పండి" అన్నాను. భాయ్ చేతితో గాలిలో విసిరి చూపించాడు. మణికట్టు ఒక్క విదిలింపు, తర్వాత చేయి ఊరికే ఉంటుంది, చీరే పోతుంది. "చేతికి తెలుసు సార్. నోటికి రాదు."

మర్నాడు పెళ్లి వీడియోలు తీసే తన దోస్తును పట్టుకొచ్చాడు. బెంచీలు పక్కకు జరిపి, గచ్చు మీద జానెడు జానెడు దూరంలో సుద్దముక్కతో గీతలు గీశాడు. దోస్తు బల్ల ఎక్కి నిలబడి కెమెరా పట్టుకున్నాడు. ఇంట్లోంచి తెచ్చిన భార్య చీరను భాయ్ కూర్చుని విసిరాడు. పదకొండుసార్లు. "పెండ్లికూతురేదన్నా?" అని వీడియో ఆయన పరాచికాలు. "చీరెనే పెండ్లికూతురు, సక్కగ తియ్యి" అన్నాడు భాయ్.

తర్వాత నాలుగు రోజులు ఆయన టీవీ ముందు కూర్చున్నాడు. వీసీఆర్‌లో క్యాసెట్ పెట్టి, ఆపి, ఒక్క బొమ్మ ముందుకు జరిపి, మళ్లీ ఆపి. టీవీ అద్దానికి ట్రేసింగ్ పేపరు అంటించి, కొంగు అంచు ఎక్కడుందో అక్కడ స్కెచ్ పెన్నుతో చుక్క. వీడియోలో సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. చీర పడి ఒదిగేసరికి ముప్పై ఎనిమిది చుక్కలు వచ్చాయి. మొదటివి దగ్గర దగ్గరగా, మధ్యవి దూరం దూరంగా, చివరివి మళ్లీ దగ్గరగా. ఆఖరి ఐదు చుక్కలు చూసి నేను తప్పు పడ్డాయనుకున్నాను, కొంగు కిందికి పోయి మళ్లీ పైకి వచ్చింది. "తప్పు గాదు సార్. పట్టు గాలి మీద కూసుంటది. జర లేస్తది, పడ్తది. గది లేకుంటె చీరె సచ్చిపోయినట్టుంటది" అన్నాడు. ఆ ముప్పై ఎనిమిది దూరాలను స్కేలుతో కొలిచి పట్టిక రాశాడు. ఒక్కో అంకె పక్కన అది ఏ క్షణానికి పడాలో కూడా రాశాడు.

ఆ క్షణాల వరుసే అసలైంది. "కంప్యూటర్‌ల గడియారం ఉంటది గద సార్. బొమ్మ గీసినప్పుడల్లా టైమెంతైందని అడుగుండ్రి. ఆ టైంకు చీరె ఎక్కడుండాల్నో అక్కడ గీయుండ్రి. అడుగులు లెక్కపెట్టొద్దు" అన్నాడు. అలాగే రాశాను. సిగ్గు విడిచి చెప్పాలంటే, అలా రాయవచ్చని నాకు తట్టలేదు. ఆ లావు పుస్తకంలో కూడా లేదు.

కానీ మా కంప్యూటర్లు ముసలివి. ఒకటిన్నర సెకనులో ఎనిమిదో తొమ్మిదో బొమ్మలు గీసేవి, అంతకంటే చేతకాదు. మిగతావి వదిలేసి గడియారం వెంట దూకేవి. దాంతో చీర కుదుపులు కుదుపులుగా పడేది. నాకు అది చూస్తే ప్రాణం పోయేది. "మన డబ్బా మెల్లగున్నది సార్. దాని తప్పుకు చీరెనెందుకు మార్సాలె?" అన్నాడు భాయ్. యజమాని వచ్చి చూసి, "కుంటుతాందేందయ్యా?" అన్నాడు నావైపు తిరిగి. ఆ మాట నాలో ఉండిపోయింది.

చిట్యాల వెళ్లాల్సిన రోజు పొద్దున నేను సెంటరుకు అందరికంటే ముందు వెళ్లాను. గడియారం అడిగే నాలుగు వరుసలు తీసేశాను. ముప్పై ఎనిమిది బొమ్మలూ ఒకదాని వెనక ఒకటి, ఏదీ వదలకుండా, మధ్యలో ఆగకుండా గీయమని రాశాను. మా ముసలి మిషన్ మీద చీర మెల్లగా, నిండుగా, రాణిలా దిగింది. ఆరేడు సెకన్లు పట్టింది. ఎంత బాగుందో. దాన్ని కొత్త ఫ్లాపీలోకి ఎక్కించాను. పాతది కూడా జేబులో వేసుకున్నాను. భాయ్‌కి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. అంతకంటే వేగంగా నడిచే కంప్యూటర్‌ను మేమిద్దరం అప్పటికి కళ్లతో చూడలేదు. ఆయనకు చూడకుండానే ఆ ఊహ ఉంది, నాకు లేదు.

సంఘం వాళ్ల హాల్లో చాపలు పరిచారు. సంఘం అధ్యక్షుడు, ఏడెనిమిది మంది నేత పనివాళ్లు, దారాలకు ముడులు కట్టి రంగులద్దే ఆడవాళ్లు ముగ్గురు, హైదరాబాదు వ్యాపారి. వ్యాపారి తన కొత్త ల్యాప్‌టాప్ తీసి స్టూలు మీద పెట్టాడు. మా యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. భాయ్ ట్రేసింగ్ పేపరు చుట్ట తెచ్చాడు, ఎవరన్నా అడిగితే చూపిద్దామని. నేను ఫ్లాపీ పెట్టాను.

చీర పడలేదు. తెర ఒక్కసారి ఎర్రగా మెరిసింది, అంతే. చీర ఉంది. మళ్లీ మెరిసింది. చీర లేదు. ఆ కొత్త మిషన్ ముప్పై ఎనిమిది బొమ్మలనూ ఒక్క గుక్కలో గీసేస్తోంది, పరచడమూ మడవడమూ రెండూ కన్ను మూసి తెరిచేంతలో అయిపోతున్నాయి. ఒకటి, రెండు, మూడు చీరలు అలా వచ్చి అలా పోయాయి. కుర్రవాళ్లు ఇద్దరు కిసుక్కున నవ్వారు. ముందు కూర్చున్న పెద్దావిడ, చేతివేళ్లకు నీలం రంగు ఇంకా పోలేదు, నెమ్మదిగా అంది.

"గిదేంది బిడ్డా. చీరె పరిచినట్టు లేదు. ఒంటిమీదికెల్లి గుంజినట్టున్నది."

నవ్వులు ఆగిపోయాయి. మిగతా ఇద్దరు ఆడవాళ్లూ తలలు దించుకున్నారు. అధ్యక్షుడు లేచి ల్యాప్‌టాప్ మూత సగం దించాడు. "నెలరోజులు కట్టినం ఆ చీరెకు ముడులు. బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. వ్యాపారి వాచీ చూసుకున్నాడు.

మా యజమాని ముఖం నల్లబడింది. భాయ్ వైపు తిరిగి అడిగాడు. "ఆ లెక్కలు నీయే గద?"

భాయ్ నావైపు చూశాడు. ఒక్కసారి, అంతే. ఆ చూపులో కోపం లేదు. ఎవరైనా మాట్లాడబోతుంటే దారి ఇచ్చి ఆగుతాం చూడండి, అలా ఆగాడు. నేను వంగి ఫ్లాపీ బయటికి తీసుకున్నాను.

"లెక్కలు నాయే సార్" అన్నాడు.

యజమాని నన్నడిగాడు. "నిజమేనా?"

"అవును సార్. పట్టిక ఆయనదే" అన్నాను.

ఒక్క అబద్ధం కూడా లేదు ఆ మాటలో. అందుకే దాన్ని నేను ఇన్నేళ్లు మోయగలిగాను. పచ్చి అబద్ధం ఆడి ఉంటే ఏదో ఒక రోజు కక్కేసేవాణ్ని.

ఇంతవరకు భయంతో చేశాననుకోవచ్చు. తర్వాత చేసింది భయం కాదు. సంఘం వాళ్లు మర్యాద తప్పక మాకు పక్క గదిలో భోజనం పెట్టారు. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. చేయి కడుక్కొస్తానని నేను హాల్లోకి వచ్చాను. ల్యాప్‌టాప్ మూత ఇంకా సగమే వేసి ఉంది. మూత ఎత్తి, జేబులోంచి పాత ఫ్లాపీ తీసి పెట్టాను, గడియారం ఉన్నది.

చీర పడింది. మణికట్టు విదిలించినట్టు మొదలై, సాగి, నిండి, కొంగు తగిలి, లేచి, ఒదిగింది. ఒక్క కుదుపు లేదు. ఆ మిషన్ ముప్పై ఎనిమిదీ గీసింది, మధ్యలో ఇంకా గీసింది, అయినా గడియారం దాటలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండోసారి చూశాను. పక్క గదిలో పప్పు వడ్డిస్తున్న చప్పుడు. "భాయ్‌కి అన్నం పెట్టుండ్రమ్మా, ఏం తింటలేడు" అని ఎవరో అంటున్నారు. ఒక్క కేక వేస్తే పదిమంది వచ్చి చూసేవాళ్లు. ఆ పెద్దావిడ చూసేది.

ఫ్లాపీ తీసి జేబులో వేసుకున్నాను. వెళ్లి అన్నం తిన్నాను.

యజమాని వ్యాపారి కారులో వెళ్లాడు. మేమిద్దరం బస్సెక్కాం. భాయ్ కిటికీ పక్కన, ఒళ్లో ట్రేసింగ్ పేపరు చుట్ట. నేను కళ్లు మూసుకున్నాను. నిద్రపోలేదు, ఆయనకూ తెలుసు నిద్రపోలేదని. నార్కట్‌పల్లిలో బస్సు ఆగినప్పుడు దిగి పల్లీలు కొనుక్కొచ్చాడు. నా చేయి తట్టి పొట్లం అందులో పెట్టాడు. "తినుండ్రి సార్. పొద్దుటికెల్లి పరేశాన్ల ఉన్నరు." నల్గొండ వచ్చేదాకా ఆ పొట్లం అలాగే పట్టుకుని ఉన్నాను.

సోమవారం యజమాని ఆయన్ని రావద్దని కబురు పంపాడు. "చీరెలు పరిచెటోనికి చీరెలే మంచిగుంటయి" అని నాతో అన్నాడు. భాయ్ పాత దుకాణానికి వెళ్లి పని అడిగితే సేఠ్ కూడా అదే మాట తిప్పి అన్నాడట, డబ్బాలే మంచిగుంటయి పో అని. నేను ఆయన ఇంటికి వెళ్లలేదు. ఇల్లు మా సెంటరుకు ఐదు నిమిషాల దూరం. ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని.

కొన్ని నెలలకు హైదరాబాదులో ఇంటర్వ్యూకి పిలిచారు. నువ్వు చేసిందేదైనా చూపించమన్నారు. పాత ఫ్లాపీ తీసుకెళ్లాను. ముగ్గురు కూర్చుని చూశారు, ఇంకోసారి వేయమన్నారు. ఎలా చేశావని అడిగితే వీసీఆరు, ట్రేసింగ్ పేపరు, సుద్ద గీతలు అన్నీ చెప్పాను. ఎవరు అన్నది మాత్రం నేను అయింది. అక్కడి నుంచి నా ఉద్యోగం మొదలు. దాని తర్వాత ఎన్నో కదిలించాను, బంతులు, తలుపులు, పక్షులు. ఆ ఒక్క చీర సాటికి రాలేదు ఏదీ. నాకు తెలుసు కాబట్టి ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేవాణ్ని. దాన్ని వినయం అనుకున్నారు.

తొంభై తొమ్మిది ఆఖర్లో వీడియో ఆయన కనబడి, భాయ్ మహబూబ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో ఉన్నాడని చెప్పాడు. ఆదివారం బస్సెక్కాను. చిన్న దుకాణం, లోపల తెల్లటి పరుపు. గోడకు ఆనుకుని ఆయన. చూడగానే గుర్తుపట్టాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి. చాయ్ తాగుతరా?"

చెప్పులు విడిచి పరుపు అంచున కూర్చున్నాను. చాయ్ వచ్చింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. "భాయ్, ఆ రోజు పొద్దున నేను గడియారం..."

"తెల్సు సార్."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"గడియారముంటె ఎంత జోరు డబ్బాలైనా ఒకటిన్నర సెకను పడ్తది గద. ఆడ రెప్పపాటుల అయిపాయె. టైమొక్కటే లేదు. గప్పుడే సమజైంది, మీరు తీసిన్రని." గ్లాసు తిప్పుతూ మాట్లాడాడు. "మీరు చెప్తరనుకున్న. ఆడ గాకుంటె బస్సుల. బస్సుల గాకుంటె ఇంటికొచ్చి. మూడు దినాలు యాడికీ పోలె సార్, మీరొస్తె నేనుండనేమోనని."

యజమానికి ఇప్పుడే ఉత్తరం రాస్తానన్నాను.

"గా సెంటర్ బంద్ పెట్టిండు గద సార్. ఎవలకు రాస్తరు?" తర్వాత, నా కొత్త ఉద్యోగం సంగతి వీడియో ఆయన చెప్పాడేమో, అడిగాడు. "హైద్రాబాద్ల చీరెనే చూపిచ్చిన్రంట గద. మంచిగ పడ్డదా?"

"పడ్డది."

"గాడ చెప్పిన్రా, ఎవలు పరిచిన్రో?"

"చెప్తా" అన్నాను.

"చెప్పుండ్రి" అన్నాడు.

ఆ చెప్పడం ఇదే. ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ దుకాణం లేదు, అక్కడ వేరే ఏదో ఉంది. ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో కనుక్కోలేకపోయాను. సంఘం అధ్యక్షుడు పోయాడు. నీలం వేళ్ల పెద్దావిడ పేరు కూడా నేను అడగలేదు. ఎవరి ముందు తలదించుకోవాలో వాళ్లెవరూ మిగల్లేదు. చదివే మీరు మిగిలారు, మీకు నేను చేసిన ద్రోహం ఏమీ లేదు.

మహబూబ్‌నగర్‌లో ఆ రోజు ఇంకేదో అనబోతుంటే గుమ్మంలోకి ఒక కుటుంబం వచ్చింది. తల్లి, కూతురు, వెనక ఒక ముసలాయన. భాయ్ గ్లాసు పక్కన పెట్టి, వెనక అరలోంచి ఒక చీర తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. విసరబోయి ఆగాడు. నేను అడ్డం కూర్చున్నాను.

"జర జరుగుండ్రి సార్" అన్నాడు. "చీరె పడే జాగ గది."

జరిగాను. మణికట్టు ఒక్క విదిలింపు. కొంగు నేను లేచిన చోట తగిలి, రెండు వేళ్ల ఎత్తు లేచి, ఒదిగింది. నేను చెప్పులు వేసుకునేసరికి ఆయన రెండో చీర తీస్తున్నాడు.